కంచరగాడిద కాలిముద్ర

ప్రతి ప్రాణీ తన జాతి ప్రకారమే పుట్టాలని లేఖనాలు చెప్పి వేల ఏళ్లయినా, ఆ మాటను అమలు చేయడానికి ఒక శాఖంటూ లేకపోవడం మానవాళికి తీరని లోటుగా ఉండేది. ఆ లోటు తీరింది. జాతి నిర్ధారణ శాఖ వెలిసింది. (దాని అనుమతి లేనిదే పశువుల ఆసుపత్రిలో సూది కూడా వేయరు.)

ఇటుకలు తోలుకుని బతికే ఒకావిడ కంచరగాడిదకు కడుపు ఉబ్బింది. పన్నెండేళ్లుగా ఆవిడ ఇల్లు నడిచింది దాని వీపు మీదే. మెల్లగా నడిపించుకుంటూ ఆసుపత్రికి తెచ్చింది.

"గుర్రమా, గాడిదా?" అన్నాడు గుమాస్తా.

"తల్లి గుర్రమండీ, తండ్రి గాడిద."

"దాని చుట్టరికాలు అడగలేదమ్మా. ఫారంలో రెండే గళ్లున్నాయి."

గుర్రమని టిక్కు పెట్టింది. చెవులు చూసి కొట్టేశాడు. గాడిదని పెట్టింది. తోక చూసి కొట్టేశాడు. మేడమీది లేఖన పరిశీలనాధికారి దగ్గరికి పొమ్మన్నాడు.

"వేరు వేరు జాతుల్ని కలపకూడదని ధర్మశాస్త్రంలో స్పష్టంగా ఉంది. ఇది పుట్టి ఉండకూడదమ్మా," అన్నాడు అధికారి. (అదే ఆజ్ఞలో ఉన్నీ నారా కలిపి నేసిన బట్ట కూడా కట్టుకోవద్దని ఉంది. ఆయన కోటు దేనితో నేశారో మనకెందుకు.)

"పుట్టిందండీ. కింద మెట్ల దగ్గర పడి మూలుగుతోంది."

"అది మా శాఖ పరిధిలోకి రాదు."

ఆవిడ చిన్నప్పుడు నాయనమ్మ ఒళ్లో లేఖనాలు విన్న మనిషి. "అదే పుస్తకంలో గొర్రెలు కాసి రాజైన ఆయన, కొడుకుని పట్టాభిషేకానికి కంచరగాడిద ఎక్కించే కదండీ పంపాడు? ఆయనకి తెలియదంటారా ధర్మశాస్త్రం?"

పుస్తకంలో అంత దూరం చదివినవాళ్లు ఆ మేడ మీద ఎవరూ లేరు. సంగతి తేల్చడానికి శాఖ వారి సంఘం కూర్చుంది. మూడు రోజులు కూర్చునే ఉంది. ఆ మూడు రోజులూ ఆవిడ మెట్ల దగ్గరే దాని పొట్ట నిమురుతూ, దోసిలితో నీళ్లు తాగిస్తూ గడిపింది.

తీర్పు వచ్చింది: ఎక్కవచ్చు, పుట్టించరాదు. కనుక సంతానం కననని జంతువు హామీ ఇస్తే చికిత్సకు అభ్యంతరం లేదు.

"కంచరగాడిదలకి పిల్లలు పుట్టరండీ. లోకమంతటికీ తెలుసు."

"మరి రాసివ్వడానికి ఇబ్బందేంటి?" అన్నాడు అధికారి.

ఆవిడ మోకాళ్ల మీద కూర్చుని, లేవలేని దాని గిట్టకు సిరా పూసి, కాగితం మీద తనే ఒత్తింది.

ఇచ్చిన మాటను కంచరగాడిద ఆ సాయంత్రానికే శాశ్వతంగా నిలబెట్టుకుంది. చికిత్సకు అనుమతి మర్నాడు పదింటికి వచ్చింది. గుర్రాల విభాగానికి ఒక ప్రతి, గాడిదల విభాగానికి ఒక ప్రతి.