కొత్తిమీర కోసం కిటికీ మూయండి!

దేశంలో ప్రతి ఇంటివాళ్ళూ కిటికీ మూసి, దాని ముందు కొత్తిమీర పెంచి తీరాలని నేను గట్టిగా చెబుతున్నాను. నవ్వకండి! మూడో తరగతితో బడి మానేసిన మాట నిజమే. కానీ డెబ్బై ఏళ్ళకు పైగా చారు తాగుతున్నదాన్ని. కొత్తిమీర గురించి మాట్లాడే అర్హత నాకు కాక ఇంకెవరికుంటుంది?

తిరుపతిలో మా ఫ్లాట్ రెండో అంతస్తులో ఉంది. హాల్లో ఒకటే కిటికీ. అక్కడ నా కుర్చీ ఉండేది. ఇప్పుడు ఆరు కుండీలున్నాయి. మా మనవరాలు శ్రీవేద ఫోన్లో వీడియో చూసి పెట్టింది. కొత్తిమీర, పుదీనా, ఇంకా నా నోరు తిరగని పేర్లున్న నాలుగు ఆకులు. నా కుర్చీ ఫ్రిజ్ పక్కకు పోయింది. అక్కడ చల్లగా ఉంటుందట. ఎంత శ్రద్ధ!

ఈ మొక్కల వల్ల ఇంట్లో క్రమశిక్షణ వచ్చింది. ఫ్యాన్ రెండు దాటకూడదు. కర్టెన్ వేయకూడదు. మేం చెమటలు కక్కుతుంటే అవి నవనవలాడుతుంటాయి. పాకాలలో మా తమ్ముడి మనవడి పెళ్ళికి మా అబ్బాయి నారాయణ్ రానేలేదు. కుండీలకు నీళ్ళు పోయాలని ఉండిపోయాడు. పెళ్ళికొడుకు ఏమీ అనుకోడు, మొలక అనుకుంటుంది!

నలభై రోజులకు కొత్తిమీర జానెడైంది. చారులోకి రెండు రెమ్మలు తుంచబోయాను.

"అవ్వా, ఆడ చెయ్యి పెట్టొద్దు! ఇంకా ఫొటో తియ్యలే!" అని శ్రీవేద గదిలోంచి పరుగెత్తుకొచ్చింది.

ఫొటో అయ్యాక మళ్ళీ అడిగాను.

"ఇప్పుడు తుంచితే బోసిపోతాదవ్వా. చూసుకునేదానికి గదా పెట్టింది!"

చూశారా? మా కాలంలో ఇంత తెలివి లేక కొత్తిమీరను తినేశాం.

అన్నిటికంటే పెద్ద లాభం, ఆదిలక్ష్మమ్మ పీడ విరగడైంది. వడమాలపేట నుంచి పొద్దున బస్సుకు ఆకుకూరల గంపతో వచ్చే మనిషి. పదకొండేళ్ళుగా మా కిటికీ కింద గంప దించేది. నేను తాడు కట్టిన బుట్ట కిందికి వదిలేదాన్ని. తోటకూర మీద కొసరుగా పిడికెడు కొత్తిమీర, రెండు రెబ్బల కరివేపాకు పడేసేది. బుట్ట పైకి చేరేలోపు ఆమె కోడలి కాన్పు, నా మోకాళ్ళు, నగరిలో ఆమె చెల్లెలి మగ్గం, అన్నీ మాట్లాడుకునేవాళ్ళం. బుట్టకు అరగంట పట్టేది. ఎంత టైమ్ వేస్టు!

మొలకలు కనిపించిన రోజే శ్రీవేద కిటికీ అద్దాలు మూసేసింది. కింద నుంచి కేక వినబడింది.

"ఏమమ్మో, బుట్ట దించు! ఇంట్లోనే కొత్తిమీర కయ్య పెట్టినారంట గదా, ఇంగ నా కొత్తిమీర ఎవురికి ఏసేది?"

నేను అద్దం సందులోంచి అరిచాను. "లేత మొలకలంట ఆదిలక్ష్మీ! గాలి తగిలితే వాలిపోతాయంట. తెరిసేదానికి లేదు!"

"అట్లనా! అయితే మీ మొక్కలు ఊరికి పొయినప్పుడు పిలువు, వస్తా" అని గంప ఎత్తుకుని పక్క వీధికి వెళ్ళిపోయింది.

అప్పటినుంచి ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో! కొడుకు, కోడలు ఆఫీసులకు, మనవరాలు కాలేజీకి. సాయంత్రం ఆరుదాకా నా గొంతు నాకే వినబడదు.

మొన్న నా ముఖం చూసి శ్రీవేదకు జాలి కలిగింది. "అవ్వా, మొక్కల్తో మాట్లాడు. మాట్లాడితే బాగా పెరుగుతాయంట!"

సైన్సు చెప్పాక కాదంటానా? నిన్న కుర్చీ జరుపుకుని, నా పెళ్ళినాడు పుత్తూరు దారిలో ఎద్దులబండి చక్రం ఊడిన కథ కొత్తిమీరకు మొదటినుంచి చివరిదాకా చెప్పాను. ఒక్క చోట కూడా ఊ కొట్టలేదు.

అదే కథ ఆదిలక్ష్మమ్మకు ఎన్నిసార్లు చెప్పానో నాకే లెక్కలేదు. ప్రతిసారీ తల పైకెత్తి, "అప్పుడు పెండ్లికొడుకు ఏం జేసినాడమ్మా?" అని కొత్తగా అడిగేది.

విత్తనాల అంగట్లో అలా అడిగే రకం కొత్తిమీర ఎక్కడైనా ఉంటే, పాఠకులారా, దయచేసి నాకు తెలియజేయండి. కిటికీ ఇంకా గట్టిగా మూసుకుంటాను.