శాలువా కప్పుకున్న మూడో నంబరు

ఆ ఉదయం వరహాలరావు వేసుకున్న పథకంలో తొందరపాటుకు చోటు లేదు. పుష్యమాసపు అరకు చలిలో గుర్రానికి ఏది కప్పితే మేలో, ఎవరి మాటా నమ్మకుండా, కొలిచి తేల్చుకోవాలి. మొదటి సాయంత్రం గోనెపట్టా కప్పాడు. తెల్లవారేసరికి అది మంచంతా పీల్చుకొని తడి మూటలా వేలాడింది. రెండో సాయంత్రం సంతలో కొన్న గొంగళి కప్పాడు. ఒంటికి గుచ్చుకుందో ఏమో, గుర్రం దాన్ని పళ్ళతో లాగి కింద పడేసి, దానిమీదే నిలబడింది. మూడో సాయంత్రం శాలువా వంతు వచ్చింది.

అది పదవీ విరమణ సభలో ఆరోగ్యశాఖ ఆఫీసువారు కప్పిన శాలువా. ఎర్రటి ఉన్ని, పసుపు జరీ అంచు. ఆనాడు జవాబిస్తూ ఆయన, "బతికున్నవాడికి దీనితో పనిలేదు. పెట్టెలో ఉంచుతాను. నేను పోయినరోజున బయటికి తీసి కప్పండి" అన్నాడు. అందరూ నవ్వారు. నవ్విన మాటలు జనానికి ఎక్కువకాలం గుర్తుంటాయన్న సంగతి ఆయన లెక్కలోకి తీసుకోలేదు.

గుర్రం పేరు మూడు. ఆఫీసు రిజిస్టరులో అది మూడో నంబరు గుర్రం. ఒకటీ రెండూ ఎప్పుడో పోయాయి. పంతొమ్మిదేళ్ళు ఆయనను, మశూచి టీకాల పెట్టెను మోసుకుంటూ కొండలెక్కింది. జీపు వచ్చాక దాన్ని వేలం వేస్తే పాడినవాడు ఆయనొక్కడే. వేరే పేరు పెట్టడం భావుకత అనిపించి ఆ నంబరుతోనే పిలుస్తూ వచ్చాడు. కిందటి శీతాకాలం అది నెల్లాళ్ళు దగ్గింది. మళ్ళీ చలి పడితే నిలవదని పశువుల డాక్టరు చెప్పాడు.

నిలవకపోతే ఆ ఇంట్లో ఆయన గొంతు విని చెవి తిప్పే ప్రాణి మరొకటి ఉండదు. రోజుకో క్యాంపు మారిన ఉద్యోగంలో పెళ్ళి అనేది ఏ క్యాంపులోనూ తటస్థపడలేదు. రిటైరైన తొమ్మిది నెలల్లో రైలుగేటు అవతల ఉన్న ఆ పెంకుటింటి గుమ్మం తొక్కినవారు నలుగురు. వారిలో ఇద్దరు దారి తప్పినవారు.

తెల్లవారగానే వరహాలరావు పాత టీకాపెట్టెలోని థర్మామీటరును శాలువా కింద కట్టాడు. గుర్రాన్ని కట్టిన పలుపు రాపిడికి వేడి పుట్టి కొలత చెడుతుందేమోనని ఆ పలుపును విప్పి పక్కన పెట్టాడు. పెన్సిలు కోసం లోపలికి వెళ్ళాడు. పెన్సిలు దొరికేసరికి గుర్రం లేదు.

ఆయన నిలబడి ఆలోచించాడు. గుర్రం తిండి కోసం పోతుంది గాని ఉద్యోగానికి పోదు. కనుక స్టేషను వెనక ముల్లంగి తోటలకే పోయి ఉండాలి. మంకీకేపు తగిలించుకొని, మఫ్లరు చుట్టుకొని, ఆ దిక్కుగా బయలుదేరాడు.

మూడు ఉద్యోగానికే పోయింది. అది డుంబ్రిగుడ సంతరోజు. పంతొమ్మిదేళ్ళపాటు ప్రతి సంతరోజునా ఆయన క్యాంపు అక్కడే. కావిళ్ళు, గంపలు రోడ్డెక్కడం చూసి గుర్రం వాటి వెనకే నడిచింది. తరువాత జరిగినది ఆ రోజు సంతలో ఉన్న సుక్రు చెప్పగా ఆయనకు తెలిసింది. దారిలో యర్రమ్మ టీకొట్టు ముందు మనిషి ఒక టీ తాగేంతసేపు ఆగిందట. సంతలో, ఒకప్పుడు టీకాల బల్ల వేసే పనసచెట్టు కిందకు చేరి నిలబడిందట. దాన్ని చూడగానే తల్లులు పాత అలవాటు కొద్దీ పిల్లలను వీపుల వెనక దాచారు. గుర్రం మీదినుంచి ఎవరూ దిగకపోయేసరికి అనుమానం పుట్టింది.

సుక్రు ఒకప్పుడు ఆ గుర్రానికి దాణా పెట్టినవాడు. ఇప్పుడు వలిసె నూనెగింజలు పండించుకొని సంతకు తెచ్చుకుంటున్నాడు. గంప వదిలేసి లేచాడు.

"బాబేడి? మూడొక్కత్తే వచ్చిందేటి?"

కొట్టు కట్టేసి గుర్రం వెనకే వచ్చిన యర్రమ్మ ఆయాసపడుతూ అంది. "నా కొట్టుకాడా ఆగినాది. బాబు దిగలేదు. ఆ శాలువా సూడు సుక్రూ!"

"సూత్తన్నాను. సచ్చిపోయినప్పుడే బయటికి తియ్యమన్నాడు గదా."

"మరి గుర్రం మీదకెలాగొచ్చినాది?"

"పాణం పోతంటే దానికి కప్పి తోలేసుంటాడు. కబురు తేడానికి ఆ ఇంటికాడ ఇంకెవులున్నారే?"

ఈ తర్కంలో లోపాలు చాలా ఉన్నాయి. ఆఖరి మాటలో మాత్రం లేదు.

చిక్కుడుకాయలు ఏరుకుంటున్న ఆరోగ్యశాఖ హెడ్‌క్లర్కు రామారావు చెవిన ఈ మాట పడింది. ఆయన వెంటనే సైకిలెక్కి వెళ్ళి, ఆఫీసుకు ఒంటిపూట సెలవిచ్చి, విశాఖపట్నం తంతి కొట్టించి, సంతాప తీర్మానం తెల్లకాగితం మీద రాసుకున్నాడు. సంతలో ఉన్నవారు బట్టల అంగడి మీద పడ్డారు. ఆ గూడేల్లో చావుకు వెళ్ళే ప్రతి ఇల్లూ ఒక కొత్త కప్పుడుగుడ్డ పట్టుకెళ్ళాలి; పోయినవాడు కొండదారిన వణుకుతూ నడవకూడదు. మధ్యాహ్నం రెండింటికి గుర్రం ముందు, జనం వెనక, ఊరేగింపు రైలుగేటు దాటింది.

ఇంట్లో శవం లేదు. ఒకరిద్దరు ఆ విషయం పైకి అన్నారు. "ముందు సంతాపం కానీండి, తరువాత వెతుకుదాం. ఆఫీసుకు సెలవు ఒంటిపూటే" అన్నాడు రామారావు.

మూడు గంటలకు, ముల్లంగి తోటలు, కాఫీతోటల వాలు, వాగు గట్టు అన్నీ గాలించి, దుమ్ము కొట్టుకుపోయి వరహాలరావు తిరిగి వచ్చాడు. పెరటినిండా జనం. తన ఇంటి దగ్గర అంతమంది నిలబడడానికి కారణం ఒక్కటే ఉండగలదని ఆయనకు తోచింది.

కంచె పక్క కూర్చున్న ఒక ముసలామెను అడిగాడు. "ఎప్పుడు?"

"తెల్లారగట్టేనంట నాయినా. సలికి."

వరహాలరావు అక్కడే నేలమీద చతికిలబడ్డాడు. శాలువా చాలలేదన్నమాట. గోనెపట్టా మీద గొంగళి, గొంగళి మీద శాలువా, మూడూ కలిపి కప్పవలసింది. ఒక్కొక్కటీ వేరువేరుగా కొలవాలన్న శాస్త్రనియమం పాటించి ప్రాణం తీశాడు. మంకీకేపు లోపల ఆయన ముఖం తడిసిపోయింది.

"ఏడు నాయినా, ఏడు" అంది ముసలామె వీపు నిమురుతూ. "సుట్టమా?"

"చుట్టరికం ఏమీ లేదమ్మా. కాని నాకింకెవరూ లేరు."

జనం మధ్యనుంచి రామారావు గొంతు లేచింది. "పంతొమ్మిదేళ్ళ సేవ! ఎండనక, వాననక కొండలెక్కడం, దిగడం. ఏనాడూ సెలవు అడిగింది లేదు. పైవారితో ఒక్క మాట ఎదురు చెప్పింది లేదు. పెట్టింది తినడం, వెళ్ళమన్న చోటికి వెళ్ళడం!"

వరహాలరావు తలెత్తాడు. రామారావు ఉపన్యాసాలు ఆయన చాలా విన్నాడు. ప్రతి అక్షరం నిజమైనది ఇదే మొదటిది. గుర్రాన్ని ఇంత బాగా అర్థం చేసుకున్న మనిషితో ఇన్నేళ్ళు ముభావంగా ఉన్నందుకు సిగ్గుపడ్డాడు.

"జీపు వచ్చిన తరువాత మనమెవరం తిరిగి చూడలేదు. అది మన తప్పు" అని రామారావు కళ్ళు తుడుచుకున్నాడు.

"నిజం, నిజం" అన్నాడు వరహాలరావు, కంచె దగ్గరినుంచి.

"రోజూ పత్రిక చదివి, తప్పులకింద ఎర్రగీతలు గీసి, సంపాదకుడికి పోస్టు చేసిన మేధావి!"

వరహాలరావు ఆగాడు. మూడు పత్రికను నమిలిన మాట వాస్తవమే గాని చదివిన దాఖలా లేదు. ఆయన లేచి నిలబడేలోగా జనం రెండుగా చీలి దారి ఇచ్చారు. ఆ దారిలోనుంచి మూడు, శాలువాతో సహా, తీరిగ్గా నడిచి వచ్చింది. మంకీకేపు మనిషి కోటు జేబులోకి మూతి దూర్చి బెల్లం ముక్క వెతికింది.

ఆయన దాని మెడ పట్టుకొని కేపు తీసేశాడు.

"ఓలమ్మో! సూదిబాబు లెగిసొచ్చినాడు!" అంది యర్రమ్మ. టీకాలు వేసినన్నాళ్ళూ అందరూ ఆయనను పిలిచిన పేరు అదే. మొదటి నాలుగు వరుసలు వెనక్కి తగ్గాయి.

"లేవడానికి నేను పోతే కదా! సుక్రూ, ఇలా వచ్చి నాడి చూడు."

"అమ్మో! నాను ముట్టను బాబూ."

వరహాలరావు శాలువా కింద కట్టిన థర్మామీటరు విప్పి, దాని మొన గుప్పిట్లో పట్టుకొని, గాజుగొట్టం సుక్రు వైపు తిప్పాడు. "ఇందులో పాదరసం ఎక్కితే నేను బతికున్నట్టు. చూసి చెప్పు."

సుక్రు మెడ సాచి చూశాడు. "ఎక్కుతంది... ఎక్కుతంది... ఆగినాది."

"ఎక్కిందా లేదా?"

"ఎక్కినాది బాబూ. బతికే ఉన్నావు" అన్నాడు సుక్రు, కొంచెం నొచ్చుకున్నట్టుగా.

రామారావు తీర్మానం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "సార్, మీరు బతికున్నందుకు చాలా సంతోషం. కాని తంతి వెళ్ళిపోయింది. సెలవు ఇచ్చేశాను. ఫైల్లో నేనేమని రాయను?"

"పొరపాటు అని రాయండి."

"మా ఆఫీసులో ఆ మాట ఇంతవరకు ఎవరూ రాయలేదు సార్."

అప్పుడు వరహాలరావు అరుగు మీద చూశాడు. దుప్పట్లు, రగ్గులు, రెండు మెత్తటి కంబళ్ళు, ఆఫీసు తరఫున ఒక తువ్వాలు. మొత్తం పద్నాలుగు. "ఇవన్నీ ఎవరివి వాళ్ళు పట్టుకెళ్ళండి" అన్నాడు.

యర్రమ్మ నోటిమీద చెయ్యి వేసుకుంది. "సచ్చినోడి కోసరం తెచ్చిన గుడ్డ మళ్ళీ ఇంటికి పట్టుకెల్తామేటి బాబూ? ఇంకో సావు పిల్సినట్టు గాదా?"

దీనికి జవాబు ఆయన దగ్గర ఏళ్ళనుంచి సిద్ధంగా ఉంది. గుడ్డకు స్మృతి ఉండదు. చావుకు కారణం క్రిమి గాని కంబళి కాదు. ఈ రెండు వాక్యాలు ఆయన ప్రతి గూడెంలోనూ, ప్రతి సంతలోనూ చెప్పాడు. చెప్పడానికి నోరు తెరిచాడు. పక్కన మూడు దగ్గింది. పొగమంచుకు తడిసిన శాలువా కింద దాని పక్కలు వణుకుతున్నాయి.

వరహాలరావు ఆ తడి అంచు పట్టి చూశాడు.

"మంచిది. ఉంచండి" అన్నాడు. "మీ నమ్మకం మీది."

ఆ మాట ఆయన నోట వినడం వారికి గుర్రం ఒంటరిగా రావడం కంటే వింతగా తోచింది.

పొద్దు వాలుతున్నది. దూరపు గూడేలవాళ్ళు ముందు లేచారు. "కూర్చోండి, టీ పెడతాను" అన్నాడు ఆయన. ఇంట్లో ఉన్న గ్లాసులు రెండు. చావింట్లో పొయ్యి వెలిగించరు గనుక చక్కెర తెద్దామని ఎవరికీ తోచలేదు. బతికున్నవాడి ఇంట్లో కూర్చోవడానికి ఎవరికీ పని లేదు. ఒక్కొక్కరే గేటు వైపు కదిలారు. కంచె పక్క ముసలామె మాత్రం దగ్గరకు వచ్చి, "ఎవులూ లేరన్నావు గదా నాయినా, ఇంతమందొచ్చినారు సూడు" అని, ఆమె కూడా వెళ్ళిపోయింది.

చివర మిగిలినవాడు సుక్రు. గుర్రం చెవులు మునివేళ్ళతో తడిమి చూశాడు. "సెవులు సల్లగున్నాయి బాబూ. ముందు ఆ తడిది తీసి కంబళి కప్పు. థరమామీటరు రేపు పెట్టుకుందువుగాని."

"మళ్ళీ ఎప్పుడు వస్తావు సుక్రూ?"

"ఏటి బాబూ, అలాగడుగుతావు! ఈపాలి నిజంగా జరిగితే అందరికన్నా బేగి నానే ఒచ్చెత్తాను" అన్నాడు సుక్రు మనస్ఫూర్తిగా, గంప భుజాన వేసుకుంటూ.

పెరట్లో అడుగుల గుర్తులు తప్ప ఏమీ మిగల్లేదు. వరహాలరావు మూడు మీద ఒక కంబళి కప్పాడు. వణుకు ఆగలేదు, దానిమీద ఇంకొకటి కప్పాడు. కొంతసేపటికి గుర్రం తల దించుకొని, ఒక కాలు సడలించి, స్థిమితంగా నిలబడింది. ఆయన దాని పక్కన గడ్డిమోపు మీద కూర్చొని, తడి శాలువా పిండి ఆరేసి, ఆఫీసు తువ్వాలు తన భుజాల చుట్టూ కప్పుకున్నాడు. ప్రయోగం పుస్తకం తెరిచి 'నమూనాలు: పద్నాలుగు' అని రాశాడు.

వాళ్ళందరూ మళ్ళీ రావడానికి తాను చేయవలసిన పని ఒక్కటే మిగిలి ఉందని ఆయన గ్రహించి, దాన్ని ప్రస్తుతానికి వాయిదా వేసి, థర్మామీటరు తుడుచుకున్నాడు.