ముందు అన్నీ మూసెయ్యాలి

ఆ రోజు ఉదయం అత్తగారి పథకంలో పొరపాటుకు చోటే లేదు. స్నానం, కాఫీ, కంప్యూటర్‌లోకి వచ్చే దారులకు కాపలా కాసే ఫైర్‌వాల్ పాఠం ఒక్కసారి తిరగెయ్యడం, పది గంటలకు ఆన్‌లైన్‌లో పరీక్ష. టైపిస్టుగా రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక, లైబ్రరీలో సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకున్నారు. గురువు ఇంట్లోనే ఉంది. కోడలు అదే పని ఇంటి నుంచి చేస్తుంది. కుక్కర్ కూతల మధ్య కమాండ్లు వల్లె వేసే అత్తగారి ఉత్సాహం చూసి ఆ గురువుకే అప్పుడప్పుడూ గుబులు పుట్టేది.

మామగారికి మాత్రం ఇదంతా వేళాకోళం. ఆ ఉద్యోగం ఆవిడకి వస్తే నెల రోజులు వంట తనే చేస్తానని ముందురోజు భోజనాల దగ్గర పందెం కాశారు. పుట్టి బుద్ధెరిగాక నీళ్ళు కూడా కాచి ఎరగని మనిషి. అంత ధీమా అన్నమాట. అత్తగారికి ఒళ్ళు మండింది. ఉద్యోగం రాకపోతే ఈయన ఎదుట జన్మలో తలెత్తుకోలేనని కోడలితో అనేశారు కూడా.

పొద్దున్నే మామగారు పాలకని బయల్దేరారు. ఫోన్ ఇంట్లోనే వదిలేశారు. గుమ్మానికి నంబరు నొక్కితే తెరుచుకునే తాళం, నొక్కగానే ఇంట్లోవాళ్ళ ఫోన్లలో మోగే బెల్లు ఆయనే ముచ్చటపడి పెట్టించారు మరి. ఆ తాళం, ఆ బెల్లు, ఇంట్లోని ఫోన్లూ లాప్‌టాప్‌లూ అన్నీ వంటింటి అటక మీదున్న ఓ చిన్న కంప్యూటర్ పెట్టె గుండానే నడుస్తాయి.

అత్తగారు పాఠం తెరిచారు. ముందు అన్నీ మూసెయ్యాలి, తర్వాత అవసరమైనవే ఒక్కొక్కటీ తెరవాలి అన్నది కోడలు నేర్పిన మొదటి సూత్రం. సాధన చెయ్యడానికి వేరే పాత కంప్యూటర్ ఇచ్చింది కూడా. కానీ పాతదాని మీద ఏం మజా ఉంటుంది? అత్తగారు లాప్‌టాప్ నుంచి తిన్నగా అటక మీది పెట్టెలోకే దూరి, అన్నీ మూసెయ్యమని టైపు చేసి టక్కున ఎంటర్ కొట్టారు. పెట్టె వినయంగా అన్నీ మూసేసింది, ఆవిడ లాప్‌టాప్‌తో సహా. ఇక తెరవమని చెబుదామన్నా మాట లోపలికి వెళ్ళే దారి లేదు. తాళంచెవి ఇంట్లో పెట్టి తలుపు లాగేసుకున్నట్టయింది.

మీటింగ్ మధ్యలో తెగిపోయి కోడలు గదిలోంచి బయటికొచ్చింది. అత్తగారి మొహం చూడగానే సంగతి అర్థమైంది.

"అత్తయ్యా, ఏం మూశారు?"

"అన్నీ" అన్నారు అత్తగారు నీరసంగా.

పెట్టె దగ్గరికే వెళ్ళి, దానికే మానిటరూ కీబోర్డూ తగిలిస్తే తప్ప వేరే గతి లేదంది కోడలు. ఇద్దరూ మానిటర్ మోసుకొచ్చారు, స్టూలు ఈడ్చుకొచ్చారు. పది కావస్తోంది. అప్పుడే ఎక్కడో దబదబా బాదుడు మొదలైంది. పై అంతస్తులో కొన్నాళ్ళుగా వడ్రంగి పని సాగుతోంది కాబట్టి ఇద్దరూ పట్టించుకోలేదు.

బాదుతున్నది మామగారు. నంబరు నొక్కితే తాళం ఉలకలేదు, బెల్లు పలకలేదు. పాల ప్యాకెట్లు చంకలో ఇరికించుకుని తలుపు వాయిస్తున్నారు. స్టూలెక్కిన అత్తగారు పైకప్పు కేసి తిరిగి, కాస్త ఆపండని కేక పెట్టారు. ఆ గొంతుతోనే కోడలికి ధైర్యం చెప్పారు. "అన్నీ నేనే మూసేశానుగా, నేనే తెరుస్తాను. అవసరమైనవి మాత్రమే తెరుస్తాను!"

తలుపు బయట ఆ మాటలు విన్న మామగారి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. నిన్నటి పందెం గుర్తొచ్చింది. అవసరమైన వాటిలో తాను ఉన్నానా లేనా అని జీవితంలో మొదటిసారి ఆలోచనలో పడ్డారు. ఎంత ఆలోచించినా తేలలేదు. డ్యూటీ దిగి వస్తున్న ఎదురింటి నర్సమ్మ ఆయన వాలకం చూసి, పిన్నిగారు బయటికి పంపేశారా అని జాలిగా అడిగింది. ఆయన కాదనలేకపోయారు. వాదనకు దిగకుండా తప్పు ఒప్పేసుకోమనీ, ఒట్టి మాటలు కాకుండా ఇంటిపని ఏదైనా నెత్తిన వేసుకోమనీ ఆమె హితబోధ చేసింది.

లోపల మానిటర్ వెలిగింది. అత్తగారు ముందు లాప్‌టాప్‌కి, తర్వాత కోడలి మీటింగ్‌కి, ఆపైన ఫోన్లకి దారి తెరిచారు. ఒక్కొక్కటీ ప్రాణం పోసుకుంటుంటే ఆవిడ ఆనందం పట్టనలవి కాలేదు. తాళమూ బెల్లూ ఎవరికీ గుర్తు రాలేదు. ఈలోగా పది దాటింది. పరీక్ష పేజీ ఎంత తట్టినా తెరుచుకోలేదు. అంతా అయిపోయిందని కూలబడబోతుంటే ఫోన్ మోగింది. లైబ్రేరియన్. పరీక్షకి ప్రశ్న తయారుచేస్తూ తమ సర్వర్‌లో అన్నీ మూసేశాననీ, ఇప్పుడు తనకే లోపలికి దారి లేదనీ, ఇవాళ పరీక్ష లేనట్టేననీ ఏడుపు గొంతుతో చెప్పారు.

అత్తగారు నిటారుగా లేచి నిలబడ్డారు. "మీరు సర్వర్ దగ్గరికే వెళ్ళండి. మానిటరూ కీబోర్డూ దానికే తగిలించండి. నేను చెప్పింది చెప్పినట్టు కొట్టండి."

ఆయన కొట్టారు. లైబ్రరీ తెరుచుకుంది. మీకింక పరీక్షేమిటమ్మా, రేపే వచ్చి చేరిపొమ్మన్నారు.

కోడల్ని గట్టిగా వాటేసుకుని, ఈ మాట ఎదురింట్లో చెప్పందే ఆగలేక అత్తగారు పరుగున వెళ్ళి లోపలి గడియ తిప్పారు. గుమ్మంలో పాల ప్యాకెట్లతో సహా చేతులు జోడించి మామగారు నిలబడి ఉన్నారు.

"వంట నేనే చేస్తాను. నెల కాదు, రెండు నెలలు."

అత్తగారు నోరు వెళ్ళబెట్టారు. "ఉద్యోగం వచ్చినట్టు మీకప్పుడే ఎవరు చెప్పారండీ?"

మామగారు ఎదురు గుమ్మంలోంచి చూస్తున్న నర్సమ్మ కేసి చూశారు. నర్సమ్మ తన ఇంట్లోకి వెళ్ళి తలుపేసుకుంది.

ఆ సాయంత్రమే వంటింటి మీద సర్వాధికారాలూ ఆయనకు దఖలుపడ్డాయి.