బావి దారిన వచ్చిన అల్లుడు

ఆ శుక్రవారం పొద్దున ఆత్మారాం వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి నిజామాబాద్ బస్టాండులో బస్సెక్కాలి. తొమ్మిదింటికి బోధన్‌లో దిగాలి. అత్తగారింటి బావిలో పడ్డ వెండి కుంకుమ భరిణెను తీయించాలి. ఆ సందట్లో భార్యను ఒక్క ఐదు నిమిషాలు కళ్ళారా చూసుకుని, రెండింటికల్లా ఆఫీసులో తన కుర్చీలో ఉండాలి. సగం రోజు సెలవు చీటీ కూడా రాసి పెట్టాడు.

అడ్డం ఒక్కటే. అది ఆషాఢ మాసం.

పెళ్ళయి రెండు నెలలు. ఆషాఢం పట్టగానే గోదావరిని పుట్టింటివాళ్ళు తీసుకుపోయారు. ఆ నెలంతా కొత్త కోడలు అత్తతో కలిసి ఒక గడప తొక్కకూడదు. కొత్త అల్లుడు అత్తగారి గడప తొక్కకూడదు, ఆమె కంట పడకూడదు. నిజామాబాద్ నుంచి బోధన్‌కు గంట ప్రయాణం. ఈ ఇరవై రోజుల్లో ఆత్మారాంకు అది దుబాయి కన్నా దూరమైంది. అద్దానికి తగిలించి ఉన్న ఎండిపోయిన మల్లెదండను అతను తీయనివ్వలేదు. ఆమె తలపిన్ను ఒకటి జేబులో వేసుకుని తిరుగుతున్నాడు. నీటిపారుదల ఆఫీసులో కాగితాలకు గుండుసూది బదులు ఒకసారి ఆ పిన్నే గుచ్చి, సాయంత్రం ఫైలు వెతుక్కుంటూ పై అధికారి గది దాకా పరుగెత్తాడు.

అంతలో ఉత్తరం వచ్చింది. "మీ అమ్మ పెట్టిన వెండి భరిణె మా బావిల పడ్డది. అది లేకుండ మీ ఇంటికి ఏ మొహం పెట్టుకొని వస్తను? మీరు ఒక్కసారి వచ్చి చూస్తే మంచిగుండు." చివరి వాక్యాన్ని ఆత్మారాం పన్నెండుసార్లు చదువుకున్నాడు. పదమూడోసారి గానీ భరిణె సంగతి గుర్తుకు రాలేదు.

అదృష్టం కొద్దీ ఆ వారమే ప్రాజెక్టు గేట్లు చూడటానికి విశాఖపట్నం నుంచి సింహాద్రి అనే డైవర్ వచ్చి ఉన్నాడు. వీపున గాలి సిలిండర్ కట్టుకుని గంటసేపు నీళ్ళడుగున తిరగగల మనిషి. కానీ అతని జతగాడికి కామెర్లు వచ్చి ఇంటికి వెళ్ళిపోవడంతో, సింహాద్రి గెస్ట్‌హౌస్‌లో పడుకుని ఉప్మా తింటూ కాలం గడుపుతున్నాడు.

"బావా? ఓస్, బావెంత బాబూ!" అన్నాడు సింహాద్రి. "కానీ నానొక్కడ్నీ దిగను. మా పద్ధతి అది. నీళ్ళకాడ జత ఉండాల. జతెవరు?"

"నేను," అన్నాడు ఆత్మారాం.

"ఈతొచ్చా?"

"రాదు. గానీ ముఖం కనవడకుండ ఉంటదా, మీ వేషంల?"

సింహాద్రి తన సామాను ఒక్కొక్కటీ తీసి చూపించాడు. రబ్బరు సూటు, తలకు టోపీ, కళ్ళనూ ముక్కునూ మూసే అద్దాల మాస్కు, నోట్లో గొట్టం. కన్నతల్లి కూడా గుర్తుపట్టలేదని హామీ ఇచ్చాడు. ఆత్మారాం గట్టు మీద నిలబడి తాడు పట్టుకుంటే చాలు, నీళ్ళు ముట్టనక్కర లేదు. ముఖం మూసి ఉంటే అత్తగారి కంట పడినట్టు కాదు. బావి పెరట్లో ఉంది కనుక గడప తొక్కినట్టూ కాదు. పంచాంగంలో ఇంతకన్నా మంచి సందు ఎవరికీ దొరికి ఉండదని ఆత్మారాం మురిసిపోయాడు.

మొదటి చిక్కు బస్సులోనే వచ్చింది. సిలిండర్లను చూసి కండక్టర్ విజిలేశాడు.

"గ్యాస్ సిలిండర్లు బస్సుల ఎక్కియ్యొద్దు. దిగుండ్రి!"

"గ్యాస్ కాదన్నా, గాలి."

"గాలా? గాలిని డబ్బల నింపుకొని బోధన్‌కు తీస్కవోతున్నరా? ఏం, బోధన్ల గాలి దొరుకుతలేదా?"

బస్సంతా నవ్వింది. వెనక సీట్లోంచి ఒకాయన, ఇద్దరు నీటిలో మునిగేవాళ్ళు వస్తున్నారంటే ఎవరో నీళ్ళలో పడ్డట్టేనని తేల్చాడు. ఆయన పేరు మార్కండేయ. బోధన్‌లో ఆయనకు పాన్ డబ్బా ఉంది. ఎవరింటి బావి అని అడిగాడు. సింహాద్రికి దాపరికం తెలియదు. "బోజన్నగారిదంటండి," అని చెప్పేశాడు.

బస్సు దిగాక ఊరి శివారులోని చెరకు తోటలో నిలబడి ఆత్మారాం వేషం మార్చాడు. మాస్కు లోపల కళ్ళజోడు పట్టదని అప్పుడు తెలిసింది. కళ్ళజోడు లేకపోతే అతనికి మూర దూరం దాటి ఏదీ ఆనదు. అయినా వెనక్కి తగ్గలేదు. కాళ్ళకు బాతు పాదాల్లాంటి రబ్బరు చెప్పులు తొడిగి, సింహాద్రి భుజం పట్టుకుని, చెరకు గట్టు మీద ఫటక్ ఫటక్‌మంటూ నడిచాడు. రెండు కుక్కలు మొరగడానికి వచ్చి, మనసు మార్చుకుని వెళ్ళిపోయాయి.

మామ భోజన్న బావి దగ్గర ఎదురొచ్చాడు. అల్లుడు ఇద్దరు మనుషుల్ని పంపుతున్నాడని అతనికి ముందే కబురు అందింది. "రాండ్రి, రాండ్రి. మా అల్లుడు మంచోడు, పాపం. భరిణె కోసం సముద్రపోళ్ళను తోలిండు!" అని పొంగిపోయాడు. అతని వెనక అత్త రాధాబాయి, ఆమె అత్తగారు హన్మవ్వ, వాళ్ళ పక్కన గోదావరి వచ్చి నిలబడ్డారు.

ఆవిరి పట్టిన అద్దాల్లోంచి ఆత్మారాంకు మూడు రంగులు కనిపించాయి. తెలుపు హన్మవ్వది అయి ఉండాలి. మిగిలినవి ఒక ఆకుపచ్చ, ఒక పసుపు. పెళ్ళికి తను కొన్న ఆకుపచ్చ చీర జ్ఞాపకం వచ్చింది. తన కోసమే కట్టుకుంది! ఇరవై రోజుల బెంగనంతా కళ్ళల్లోకి తెచ్చుకుని అతను ఆ ఆకుపచ్చను చూశాడు. కదలకుండా చూశాడు. గుండె మీద చెయ్యి వేసుకుని చూశాడు.

"గిదేంది?" అంది ఆకుపచ్చ రాధాబాయి గొంతుతో. "గీ మనిషి నన్నెందుకు గట్ల సూస్తుండు?"

ఆషాఢమంతా ఎవరి కంట పడకూడదో ఆమెనే ఆత్మారాం నిండా నిమిషంసేపు ప్రేమగా చూశాడు. సిగ్గుతో చచ్చిపోయి, ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలి రబ్బరు చెప్పుతో పిక్క గోక్కున్నాడు. అతను సిగ్గుపడ్డప్పుడల్లా చేసే పని అది. పసుపు చీర ఫక్కుమని నవ్వి, వెంటనే కొంగు నోట్లో కుక్కుకుంది.

"అద్దాల్లోంచి ఏటీ సక్కగా కనిపించదమ్మా," అని సర్దిచెప్పాడు సింహాద్రి.

"అయితే తీసి, జరంత చాయ తాగమను. ఎండల వచ్చిన్రు," అంది రాధాబాయి.

"తీయకూడదండీ. గాలి సెట్ చేసీసినాం."

"గాలి సెట్ చేసినంక గట్టు మీద నిలవడుడేంది?" అన్నాడు భోజన్న. అతనిది న్యాయమైన ప్రశ్న. "గాలంత ఉత్తగనే పోదా? ఇద్దరు వచ్చిన్రు గదా, ఇద్దరు దిగుండ్రి. జల్ది అయితది."

ఈలోగా పెరటి గోడ మీద తలలు మొలిచాయి. మార్కండేయ ఊరంతా చెప్పేశాడు. భోజన్న బావిలో ఎవరో పడ్డారట అన్న మాట బస్టాండు దాటేసరికి, భోజన్న కొత్త అల్లుడు పెండ్లాం మీద బెంగతో బావిలో దూకాడట అని మారింది. ఒకామె శోకం అందుకుంది. ఆ కబురు పచ్చి అబద్ధం. కాకపోతే ఇంకో పావుగంటలో అందులో చాలా భాగం నిజం కాబోతోంది.

ఇక తప్పలేదు. సింహాద్రి అతని నడుముకు ఇనుప బరువుల పట్టీ కట్టి, మెట్ల రాళ్ళ మీదుగా దింపి, మెడలోతు నీళ్ళలో ఆఖరి మెట్టు మీద కూర్చోబెట్టాడు. "ఊపిరి ఆపకండి. కదలకండి. నోట్లోది తీయకండి. నానిట్టే వొస్తాను," అని గుసగుసగా చెప్పి తను మునిగాడు. ఆత్మారాం మొదటి రెండు మాటలూ విన్నాడు. మెట్టు మీది పాచి ఏమీ వినలేదు.

జారిపోయాడు. నడుముకున్న ఆ బరువులు అతణ్ణి నెమ్మదిగా, మర్యాదగా కిందికి తీసుకుపోయాయి. మొదట భయమేసింది. గాలి మాత్రం గొట్టంలోంచి బుద్ధిగా వస్తోంది. చుట్టూ పచ్చటి మసక. ఎంత ప్రశాంతంగా ఉందంటే, ఇక్కడ కూడా ఆమె లేదే అని బెంగ వచ్చింది. ఎలాగూ వచ్చాను కదా, భరిణె దొరికితే ఆమె ఏడుపైనా తీరుతుందని అడుగు బురదలో చేతులు పెట్టి దేవులాడటం మొదలుపెట్టాడు.

పైన గోదావరి బుడగలు లెక్కపెడుతోంది. ఆ బావిలో ఆమె ఎనిమిదేళ్ళ వయసు నుంచి ఈదింది. ఏ మెట్టు జారుతుందో ఆమెకు తెలుసు. తన భర్తకు ఈత రాదని తెలుసు. ఈ లోకంలో ఇంకెవరికీ తెలియదని తను అనుకుంటున్న ఇంకో సంగతి కూడా తెలుసు. అందుకే, "అయ్యో, అది దొరికేదాక ఆయన పైకి రాడు!" అని కేకవేసి, చీర కుచ్చిళ్ళు దోపుకుని దూకేసింది.

ఆత్మారాం తలెత్తేసరికి పసుపు రంగొకటి కిందికి దిగివస్తోంది. మూర దూరంలోకి వచ్చింది. అప్పుడు కనిపించింది గోదావరి. విప్పారిన కళ్ళు, చెదిరిన జుట్టు, ముక్కుపుడక మీద ఒక చిన్న గాలిబుడగ. నీళ్ళలో మనుషులు ఉన్నదానికన్నా పెద్దగా, దగ్గరగా కనిపిస్తారని సింహాద్రి దారిలో చెప్పింది నిజమే. ఇరవై రోజుల దూరం ఒక్కసారిగా జానెడైంది. ఆమె అతని చెయ్యి పట్టుకుంది. అత్త లేదు, ఊరు లేదు, నెల లేదు. ఆ క్షణంలో ఏ భర్త అయినా చేసే పనే ఆత్మారాం చేశాడు. నోట్లోంచి గొట్టం తీసి, "గోదా!" అని పిలిచాడు.

బావి నీళ్ళు జవాబిచ్చాయి.

తర్వాత జరిగింది ఊరంతా చూసింది. గోదావరి ఒక చేత్తో అతని నడుము పట్టి ఉన్న బరువుల పట్టీ విప్పేసి, రెండో చేత్తో మెడ పట్టుకుని పైకి లాక్కొచ్చి, మెట్టు మీద కూర్చోబెట్టి వీపు మీద చరిచింది. అతను దగ్గి, కక్కి, ఊపిరి తీసుకున్నాక, అందరూ చూస్తుండగానే మెడ చుట్టూ చేతులు వేసి వెక్కివెక్కి ఏడ్చింది.

గోడ మీది తలలన్నీ నోళ్ళు తెరిచాయి.

"ఓ పోరీ!" రాధాబాయి గట్టు మీంచి అరిచింది. "ఇజ్జత్ తీస్తవా? విడువు! ఎవ్వడే వాడు?"

ఆత్మారాంకు రెండే దారులు మిగిలాయి. మాస్కు ఉంచుకుంటే భార్య పరువు పోతుంది. తీస్తే ఆషాఢం పోతుంది. తీసేశాడు.

"నేను చెప్పలే?" అని గోడ మీంచి మార్కండేయ గర్వంగా అన్నాడు. "కొత్త అల్లుడు బావిల దుంకిండని!"

రాధాబాయి మెరుపులా కొంగు ముఖానికి కప్పుకుని, బావి పక్కనున్న మోటారు గది గోడవైపు తిరిగిపోయింది.

"అల్లుడా!" అన్నాడు భోజన్న. "గిదేం అవతారమయ్యా?"

"గడప తొక్కలే మామా," అన్నాడు ఆత్మారాం వణుకుతూ. "బావిలనే తొక్కిన."

సరిగ్గా అప్పుడే, అవతలి మూల బురదలో వెతుకుతూ ఇదేదీ ఎరుగని సింహాద్రి నీళ్ళలోంచి తల ఎత్తాడు. అతని చేతుల్లో రెండు ఇత్తడి చెంబులు, ఒక కొడవలి ఉన్నాయి. "అడుగంతా ఎతికీసినానండి. బరిణె మాత్రం లేదండి."

"ఏడుంటది కొడుకా?" అంది హన్మవ్వ తీరిగ్గా. "భరిణె దాని పెట్టెల ఉన్నది. రోజు పొద్దుగాల తీసి బొట్టు వెట్టుకుంటనే ఉన్నది."

అందరూ గోదావరివైపు చూశారు. ఆమె అతని రబ్బరు భుజంలో ముఖం దాచుకుంది. "మరి ఏం రాస్తె వస్తరు మీరు?" అంది చిన్నగా. "ఉత్తగ రమ్మంటె పంచాంగం చూస్తరు."

లేని భరిణె కోసం ప్రాణం మీదికి తెచ్చుకున్న ఆత్మారాం ముఖంలో అంత వెలుగు పెళ్ళి ఫోటోల్లో కూడా లేదు. తనొక్కడే బెంగపెట్టుకున్నాననుకుంటూ ఇరవై రోజులు గడిపాడు మరి.

మోటారు గది గోడవైపు నుంచి తిట్లు వస్తాయని భోజన్న కూడా రెండడుగులు వెనక్కి వేశాడు. కానీ రాధాబాయి గోడతో మాట్లాడింది.

"నా మొదటి ఆషాఢం ముప్పై దినాలు నాకు ముప్పై ఏండ్లయినయి. గప్పుడు ఎవ్వరికి చెప్పుకుంట? మా అవ్వగారింటి బావి కాడ కూసొని ఏడ్సిన." ముఖం మీది కొంగు సర్దుకుంది. "అత్త, అల్లుడు ఒక్క గడప తొక్కొద్దన్నరు గని, అత్త లేని ఇంటికి అల్లుడు రావొద్దని ఎవ్వరనలే. నేను నవీపేటకు, మా అవ్వగారింటికి పోత. శ్రావణం పడ్డంకనే వస్త. బిడ్డా, పచ్చడి జాడి ఉట్టి మీదున్నది. అల్లునికి తల తుడువు, సర్ది వడ్తది."

అరగంటలో సంచీ సర్దుకుని, అల్లుడు కళ్ళు మూసుకుని ఉండగా, పెరటి దారిన బస్సుకు వెళ్ళిపోయింది. తర్వాతే ఆత్మారాం ముందు దారిన ఇంట్లో అడుగు పెట్టాడు. మరునాడు రెండో శనివారం, ఆపైన ఆదివారం. సగం రోజు సెలవు చీటీని పూర్తి రోజుది చేయమని సింహాద్రితో కబురు పంపి, ఆఫీసును మరచిపోయాడు. ఆ సాయంత్రం వాన పడింది. కొత్త దంపతులు వసారాలో కూర్చుని ఒకే గ్లాసులో చాయ తాగారు. చక్కెర ఎక్కువైందని ఆమె అంది. కాలేదని అతను అన్నాడు. ఆ వాదన చీకటి పడేదాకా సాగింది.

భోజన్న మాత్రం అన్నం సగమే తిన్నాడు. చాయ అడిగి, వచ్చాక వద్దన్నాడు. రెండుసార్లు వంటింటి గుమ్మం దాకా వెళ్ళి, ఏదో చెప్పబోయి, ఎవరూ లేరని గుర్తొచ్చి వెనక్కి వచ్చాడు.

శనివారం తెల్లవారేసరికి గడ్డం గీసుకుని, ఉతికిన ధోవతి కట్టి, మేకలు కొనడానికి నవీపేట సంతకు పోతున్నానని చెప్పి బయల్దేరాడు.

ఆ ఇంట్లో అంతవరకూ ఎవరూ మేకను పెంచలేదు.