ఇనుప నడుము

దేవుడు మనిషికి నడుము ఇచ్చింది వంగడానికా, విరగడానికా? గోదాము మేస్త్రీకి ఈ అనుమానం ఏళ్ళ తరబడి ఉంది. పొద్దున్నే దణ్ణం పెట్టుకునేటప్పుడు అడిగేవాడు. జవాబు రాలేదు. ఆయన అడగడమూ మానలేదు.

అనుమానం పుట్టింది బావ వల్ల. బావంటే అక్క భర్త. మేస్త్రీ ఇల్లు మారిన రోజున ఆ బావే బీరువాను ఒంటరిగా మెట్లెక్కించి నడుము పోగొట్టుకున్నాడు. ఇద్దరిదీ ఒకే గోదాము. ఈమధ్య బావ సోఫా ఎత్తబోతే సోఫా కంటే ముందు మూలుగు లేస్తోంది. ఇలాగైతే పని మానుకోమన్నాడు యజమాని.

అప్పుడే గోదాముకు ఎక్సోస్కెలిటన్ ఒకటి వచ్చింది. భుజాల నుంచి తొడల దాకా పట్టీలు, వెనక స్ప్రింగులు. బరువెత్తితే భారమంతా నడుము మీద పడనివ్వదు. అందరూ దాన్ని ఇనుప నడుమన్నారు.

"రేపు మేస్త్రీ వాడి చూపించాలి. బాగుంటే అందరికీ కొంటా. ఏ చిన్న ఇబ్బంది వచ్చినా వెనక్కి పంపేస్తా," అన్నాడు యజమాని.

బావ కొలువు దాని మీదే ఆధారపడింది. యంత్రం తెచ్చినవాడు, "వెనక ఈ మీట పడితే నడుము బిగుసుకుంటుందండి..." అని మొదలుపెట్టాడు.

"నాకు తెలుసులే బాబూ," అన్నాడు మేస్త్రీ. బావ మాత్రం చివరిదాకా విన్నాడు.

మర్నాడు మేస్త్రీ దాన్ని ధీమాగా ఇంట్లోనే తొడుక్కున్నాడు. వెనకెక్కడో టక్కుమంది. అంతే, నడుము వంగలేదు.

"కూర్చుని తినండి," అంది భార్య.

"నిలబడే తింటా."

"కూరలో ఉప్పెక్కువైందన్నారని నేనూ ఓ మాటన్నాను, నిజమే. దానికింత అలకా?"

బస్సులో ఖాళీ సీటు పక్కనే కొయ్యబొమ్మలా నిలబడ్డాడు. గోదాము చేరగానే యజమాని గదిలోకి పిలిచాడు.

"రావయ్యా, కూర్చో. యంత్రంతో ఏమైనా ఇబ్బందా?"

"ఇబ్బందా! బంగారమండీ."

"మరి కూర్చోవేం?"

"కూర్చోనండి." అసలు సంగతి చెబితే యంత్రం వెనక్కి పోతుంది. అందుకని మేస్త్రీ గడ్డం ఇంకాస్త పైకెత్తాడు.

అద్దం తలుపు బయటి నుంచి హమాలీలు ఇదంతా చూశారు. "మేస్త్రీ కూర్చోనంటున్నాడంటే ఏదో పెద్ద గొడవేరా!" అని ఒకడు మూట దించాడు. వాణ్ణి చూసి మిగతావాళ్ళూ దించారు. లారీ డ్రైవరు ఇంజను ఆపేసి కిందికి దిగాడు. యజమాని కుర్చీలోంచి లేచాడు.

"ఏం కావాలయ్యా మీకు? నోరు విప్పు!"

మేస్త్రీ నోరు విప్పేలోపే తలుపు దగ్గర నుంచి బావ అందుకున్నాడు. "ఇనుప నడుములండీ. అందరికీ. ఈ ఒక్కరోజు పరీక్షలు మాకొద్దు."

"ఇంతేనా! కొంటానయ్యా. ముందు ఆయన్ని కూర్చోమను!"

బావ దగ్గరికొచ్చి మేస్త్రీ వీపు మీద ప్రేమగా చెయ్యి వేశాడు. టక్. మేస్త్రీ బస్తాలా కుర్చీలో కూలబడ్డాడు.

బయటికొచ్చాక మేస్త్రీ నిలదీశాడు. "మీట సంగతి తెలిసి ఇంతసేపూ ఊరుకున్నావా బావా?"

"నువ్వు బస్సు దిగుతుంటేనే కనిపెట్టానురా. నీ నడుము వంగితే మన పని కాదనిపించింది."

మేస్త్రీ పట్టీలు విప్పి, తన చేతులతోనే బావకు తొడిగాడు. బావ వంగి సోఫా పట్టుకున్నాడు. సోఫా లేచింది, మూలుగు లేవలేదు.

"పో బావమరిదీ! నీ బీరువా బాకీ తీరిపోయింది," అన్నాడు బావ.

దేవుడు నడుము ఇచ్చింది వంగడానికేనని మేస్త్రీకి ఆ రోజు నమ్మకం కుదిరింది. మీట సంగతి మాత్రం ఆ దేవుడు బావ ఒక్కడికే చెప్పి భూమ్మీదికి పంపాడు.