ఖాళీ కుర్చీల కేసు

"నెలీదమ్మా, ఇక నువ్వు గుండెమీద చెయ్యేసుకుని నిద్రపో. ఈ కేసు నేను తీసుకున్నాను," అన్నాడు దోన్ అనిసేతో రొకబాదో, టోపీ తీసి ఛాతీకి ఆనించుకుంటూ. "బొలీవియా మొత్తంలో నేరస్థుడన్నవాడికి బుర్రంటూ ఉంటే ఈ క్షణమే పెట్టె సర్దుకోవాలి. నా మెదడును తప్పించుకునేవాడు ఇంకా పుట్టలేదు. పుట్టినా ఉయ్యాల్లోనే దొరికిపోతాడు."

ఆ మెదడు ఎక్కడ పదునెక్కిందో ఊళ్లో అందరికీ తెలుసు. ఆయన ఇరవై ఎనిమిదేళ్లపాటు సంతలో తూకాలు తనిఖీ చేశాడు. బంగాళాదుంపలమ్మే ఆడవాళ్లు ఆయన టోపీ కనబడగానే కాటా కింద ఇరికించిన రాయి తీసేసేవాళ్లు. టోపీ మలుపు తిరగ్గానే మళ్లీ పెట్టేసేవాళ్లు. "నా హయాంలో ఒక్క దొంగ కాటా లేదు" అని ఆయన ఇప్పటికీ చెప్పుకుంటాడు. ఉద్యోగం అయిపోయాక 'ప్రైవేట్ డిటెక్టివ్' అని కార్డులు అచ్చేయించుకున్నాడు. వాటిని పంచడం తప్ప ఇంతవరకూ వేరే పని తగల్లేదు.

ఇప్పుడు తగిలింది. నెలీదా యూనివర్సిటీ లైబ్రరీలో పనిచేస్తుంది. పదకొండేళ్లుగా ఫిల్మ్ సొసైటీని నెత్తిన పెట్టుకుని మోస్తోంది. ప్రతి గురువారం సాయంత్రం ఆరింటికి ఆర్కిటెక్చర్ భవనంలోని హాల్లో ఐదు బొలీవియానోల టికెట్టుకి సినిమా. విద్యార్థులు, దర్జీలు, కాపలావాళ్లు, పక్కవీధి ముసలమ్మలు అందరూ వస్తారు. హాలును డీన్ ఊరికే ఇచ్చాడు గానీ ఈమధ్యే ఒక షరతు పెట్టాడు. సినిమా తర్వాత చర్చ జరగాలి, చర్చ చివర కనీసం ముప్పైమంది సంతకాలు చెయ్యాలి. కిందటి రెండు వారాల్లో సంతకాలు చేసినవాళ్లు ఆరుగురు, తర్వాత నలుగురు. ఈ గురువారం కూడా ఇంతే అయితే హాలు నృత్యబృందానికి ఇచ్చేస్తానని డీన్ ఉత్తరం రాశాడు. వాళ్లు పక్కగదిలో బూట్లకు గజ్జెలు కట్టుకుని అప్పుడే సాధన మొదలెట్టేశారు కూడా.

సినిమాకు జనం వస్తున్నారు. దీపాలు వెలగ్గానే మాయమైపోతున్నారు. ఎందుకో అందరికీ తెలుసు, ఒక్క డిటెక్టివ్‌గారికి తప్ప.

ఈ దేశంలో పెళ్లి కేకు నుంచి బ్యాండు మేళం దాకా ప్రతిదానికీ ఒక జ్ఞానతండ్రి ఉంటాడు. కొనిచ్చినవాడే జ్ఞానతండ్రి. ఏడాదిన్నర కిందట ఫిల్మ్ సొసైటీకి మైకు కొనిచ్చింది దోన్ అనిసేతో. రంగు కాగితాలు చుట్టి, శుభమని బీరు చిలకరించి, బ్రహ్మాండంగా అప్పగించాడు. అలాంటి మనిషి మొదటి మాట తనదే అంటే కాదనేంత మర్యాద తక్కువ వాళ్లు ఇక్కడ ఎవరూ లేరు. అప్పట్నుంచీ ప్రతి గురువారం ఆయన ముందు వరుసలోంచి లేచి, మైకు అందుకుని, ఈ సినిమాలో అసలు నేరస్థుణ్ణి ఎలా వదిలేశారో నలభై నిమిషాలు వివరిస్తాడు. సినిమాలో నేరం ఉండి తీరాలన్న పట్టింపు ఆయనకు లేదు. మంచుకొండలు కరిగిపోవడం మీద తీసిన సినిమాలో కూడా పోస్టుమాన్ని అనుమానించాడు.

నెలీదా ఆయనకు ఈ మాట చెబుదామని మూడుసార్లు బయల్దేరింది. మొదటిసారి ఆయన నెలీదా వాళ్లమ్మ ఆరోగ్యం అడిగాడు. రెండోసారి వేడివేడి బ్రెడ్డు చేతిలో పెట్టాడు. మూడోసారి ఆమెకే నోరు పెగల్లేదు.

"నువ్వు చెప్పొచ్చుగా వాల్దో," అంది ప్రొజెక్టర్ నడిపే అతనితో.

"నేను మెషిన్ల మనిషిని మేడమ్. మనుషుల రిపేర్లు నాకు రావు."

దర్యాప్తు గేటు దగ్గర మొదలైంది. అక్కడ తోమాసా వేడి జొన్న పానకం, చీజు పూరీలు అమ్ముతుంది. నెలీదా గ్లాసు పట్టుకుని పక్కన నిలబడింది.

"నిజం ఒప్పుకో," అన్నాడు దోన్ అనిసేతో నోటుబుక్కు తీసి. "జనాన్ని హాల్లోంచి లాగేస్తున్నది నీ పూరీల వాసనే కదూ?"

"నేను లాగడమేంటి బాబూ! తమరు మైకు పట్టుకోవడం ఆలస్యం, ఒకళ్లనొకళ్లు తోసుకుంటూ వాళ్లే వచ్చి పడతారు. మీ నోరు చల్లగుండ, గురువారం వస్తే నాకు పిండి చాలట్లేదు."

నెలీదాకు పొలమారింది. దోన్ అనిసేతో తాపీగా రాసుకున్నాడు: 'అనుమానితురాలు పొగడ్తలతో దృష్టి మళ్లించ చూసింది. మొండిఘటం.'

తర్వాత నృత్యబృందం నాయకుడు విల్వెర్ వంతు వచ్చింది.

"హాలు ఖాళీ అయితే లాభం ఎవరికోయ్?"

"మాకు ఆ హాలు వద్దు సార్. గచ్చు జారుతుంది. ఇద్దరికి నడుములు పట్టేశాయి. డీన్‌గారు ఇస్తానంటే మొహమాటపడ్డాం."

'వద్దంటున్నాడు,' అని రాసుకున్నాడు దోన్ అనిసేతో. 'అంటే పీకల్దాకా కావాలి.'

గురువారం సినిమాకు అరగంట ముందు ఆయన పథకం బయటపెట్టాడు. తెర పక్కన మ్యాపులు దాచే బీరువా ఉంది, దాని తలుపుకు ఒక కన్నం ఉంది.

"నేను ఇందులో ఉంటాను. దీపాలు వెలగ్గానే ఎవడు ముందు లేచి మిగతావాళ్లకు సైగ చేస్తాడో కనిపెడతాను. ఒక్క ఉదుటున బయటికి దూకి గల్లా పట్టుకుంటాను."

"మరి... మైకో?" అంది నెలీదా.

"బల్లమీదే ఉండనీ. వాడికి అనుమానం రాకూడదు."

నెలీదాకు ఆయన తెలివిమీద జీవితంలో మొదటిసారి గౌరవం కలిగింది. ఆయన లోపలికి దూరి తలుపు లాక్కున్నాడు. ఆ ఊపుకి పైనున్న గడియ తనంతట తానే టక్కున పడింది. ఎవరూ వెయ్యలేదు. తియ్యనూ లేదు.

ఆ రోజు సినిమా ఒక బస్సు డ్రైవరు గురించి. ఉద్యోగంలో ఆఖరి రోజున, జనమంతా బస్సులో ఉండగానే, వాడు బస్సును ఎన్నడూ వెళ్లని దారిలోకి తిప్పేస్తాడు. దీపాలు వెలిగాయి. అందరూ అలవాటు చొప్పున సంచులు భుజాన వేసుకుని సగం లేచారు. ముందు వరుస కేసి చూశారు, ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు, మెల్లగా మళ్లీ కూర్చున్నారు.

నాలుగేళ్లుగా వస్తూ ఏనాడూ నోరు విప్పని దర్జీ ఎలోదియా మైకు అందుకుంది.

"ఇంటికొచ్చాక ఆ డ్రైవర్ని వాళ్లావిడ ఎక్కడికెళ్లావని అడగలేదు చూడండి. మా ఇంట్లో నేనూ అడగలేదు. అడిగుంటే బాగుండేది."

వెనకనుంచి ఒక కుర్రాడు "అడగలేదంటే పట్టించుకోనట్టే" అన్నాడు. "పెళ్లి కానివాడివి, నీకేం తెలుసు!" అంది ఒక ముసలమ్మ. ఇక చూడాలి, మాట మీద మాట, నవ్వు మీద నవ్వు. ఇంతలో ఎక్కడో దబదబ బాదిన చప్పుడు మొదలైంది.

"ఆ డాన్సువాళ్లు బూట్లతో చంపుతున్నారు బాబూ!"

"మీరు గట్టిగా మాట్లాడండి, అంతే!"

ఆ చప్పుడు బూట్లది కాదని నెలీదాకు తెలుసు. గట్టిగా వినబడేసరికి ఆమె లేవబోయింది. అంతలో ఎలోదియా ఇంకేదో చెప్పడం మొదలెట్టింది. నెలీదా కుర్చీ మరికాస్త ముందుకు జరుపుకుంది.

యాభై రెండు సంతకాలు వచ్చాయి. అందరూ వెళ్లాక నెలీదా గడియ తీసింది. దోన్ అనిసేతో బీరువాలోంచి దుమ్ము కొట్టుకుని, ఆసియా ఖండం మ్యాపు భుజాన వేలాడుతూ బయటపడ్డాడు.

"ఎవరూ కదల్లేదు! చూశావా? నేరస్థుడు ఇవాళ రాలేదు, భయపడ్డాడు! ఏదీ, మూడు వారాల కాగితాలూ ఇలా తే. శాస్త్రీయంగా చూద్దాం. జనం పారిపోయిన రెండు వారాలూ ఉండి, జనం నిలబడ్డ ఇవాళ లేనివాడెవడో వాడే!"

"వద్దులెండి, పొద్దుపోయింది..."

"తే అంటుంటే!"

పెన్సిలు పేర్ల మీద నడిచింది. "వాల్దో, మూడింట్లోనూ ఉన్నాడు. నిర్దోషి. నువ్వూ ఉన్నావు. ప్రతివారం సినిమాలో నిద్రపోయే ప్రొఫెసర్, ఇవాళ మేలుకుని మరీ సంతకం చేశాడు. ఆఁ, ఇదుగో ఒకడు! రెండు వారాలూ అందరికంటే పైన, ఇంతింత అక్షరాలతో, కింద గీత కూడా గీశాడు. పొగరు చూడు! ఇవాళ్టి కాగితంలో లేడు. పేరు..."

కళ్లద్దాలు సవరించుకున్నాడు. పేరు చదవలేదు. వాల్దో వైర్లు చుట్టడం ఆపేశాడు.

"దోన్ అనిసేతో, అది ఊరికే అలా కలిసొచ్చింది..."

"సాక్ష్యాన్ని పాడుచెయ్యకు." ఆయన కుర్చీలో కూర్చున్నాడు. చాలాసేపు కాగితం మడతలు సాపు చేశాడు. "దొరికాడమ్మా. చెడ్డవాడేం కాదు. జనానికి మాట్లాడ్డం రాదనుకున్నాడు. పాపం వాళ్లకోసం తనే మాట్లాడి పెడుతున్నాననుకున్నాడు."

నెలీదా ఆయన భుజాన వేలాడుతున్న మ్యాపు తీసి చుట్టబెట్టింది.

"కానీ వీడికి తోడుదొంగలున్నారు. ఏడాదిన్నరగా వీడి మొహమ్మీద నవ్వి, వెనకనుంచి జారుకున్నవాళ్లు. అందులో ఒకావిడైతే, వీడు తలుపు బాదుతుంటే వినీ, కుర్చీ ముందుకు జరుపుకుంది." తల ఎత్తాడు. "బీరువాకు కన్నం ఉంది, నెలీదమ్మా."

నెలీదాకు చెవులదాకా మంట పుట్టింది. హాలు దక్కిందన్న సంతోషం ఎటు పోయిందో తెలీలేదు. తన మర్యాదంతా పిరికితనమేనని ఆమెకు సిగ్గేసింది.

"నన్ను క్షమించండి. వచ్చేవారం... వస్తారా?"

"వస్తాను. మొదలెట్టానంటే నలభై నిమిషాలే, నాకు ఆగడం రాదు. నువ్వే నా మొహమ్మీద ఆపమనాలి. ఇప్పుడే ఒకసారి అను, అలవాటవుతుంది."

"కాస్త... ఆపుతారా, దోన్ అనిసేతో?"

"ఇదా చెప్పడం? పెళ్లికి పిలుస్తున్నట్టుంది. మళ్లీ అను."

"ఆపండి, దోన్ అనిసేతో."

"ఊఁహూఁ. ఇంకా మర్యాద కారుతోంది."

"ఇక ఆపవయ్యా బాబూ, నీకు దణ్ణం పెడతాను!" అని ప్రొజెక్టర్ వెనకనుంచి వాల్దో హాలు దద్దరిల్లేలా అరిచాడు.

దోన్ అనిసేతో ఉలిక్కిపడి టోపీ పెట్టుకున్నాడు.

"వీడికి చాలా రోజులుగా అభ్యాసం ఉన్నట్టుంది," అన్నాడు.