తోడు మందుకు జై!

సెప్సిస్‌కు యాంటీబయాటిక్ ఎందుకండీ, దండగ! ఆకుల సారం, చూర్ణాలు, నాలుగు రంగుల విటమిన్ మాత్రలు ఇంట్లో ఉండగా ఆసుపత్రి మెట్లెక్కేవాళ్ళను చూస్తే నాకు జాలేస్తుంది.

సెప్సిస్ అంటే తెలియనివాళ్ళు కంగారు పడకండి. ఏ చిన్న గాయంలోనో దూరిన బాక్టీరియాతో పోట్లాడబోయి, ఒళ్ళు అదుపు తప్పి తన గుండెనూ కిడ్నీలనూ తానే పాడుచేసుకోవడం. గంటగంటకూ ముదురుతుందని డాక్టర్లు హడావిడి పడతారు. వాళ్ళకసలు ఓపిక తక్కువ!

యాంటీబయాటిక్‌ను వేళ తప్పకుండా వేసుకోవాలి. విటమిన్ మాత్ర గుర్తొచ్చినప్పుడు వేసుకున్నా అలగదు. యాంటీబయాటిక్ అట్ట మీద చీమ తలకాయంత అక్షరాల్లో హెచ్చరికలు. హెర్బల్ సీసా మీద నవ్వుతున్న అమ్మాయి, వెనకాల జలపాతం! ఆ జలపాతాన్ని చూశాక కూడా తగ్గని జబ్బుంటుందా?

మా అక్క సంగతే చూడండి. టైలరింగ్ షాపు నడుపుతుంది. ఒకరోజు కుడిచేతి వేలు మిషను సూది కింద పడింది. దర్జీలకు అదొక లెక్కా? వేలు చప్పరించి, గుడ్డపేలిక చుట్టి, చేతిలో ఉన్న కాలరు కుట్టడం పూర్తిచేసింది. వేలు వాచింది, జ్వరమొచ్చింది. వీధి చివరి డాక్టరు యాంటీబయాటిక్ రాసి, "ఇది ఒక్క పూట కూడా మానొద్దమ్మా. కావాలంటే తోడుగా విటమిన్లు వేసుకోండి" అన్నాడు.

తోడుగా! ఎంత చక్కటి మాట! అందులోని మహత్తును మా పెద్దమ్మ ఇట్టే పట్టేసింది. "పాలెన్నుంటే ఏం లాభమే? తోడు లేకపోతే పెరుగవుద్దా? అసలు పని తోడుదే! ఆ పెద్ద మాత్ర ఒళ్ళు వేడి చేస్తుంది, అవతల పారెయ్" అంది. అలా పాలు ఒలకబోసి, తోడు ఒక్కటే గిన్నెలో వేసుకుని పెరుగు కోసం కూర్చున్న ఇల్లు మాది.

ఇక మిక్సీకి తీరిక లేదు. బావ రోజుకో సీసా తెచ్చాడు. పెద్దమ్మ ఏవేవో వేళ్ళు నూరింది. పక్కింటావిడ ఫోనులో వీడియో చూపించి మరో పసరు చెప్పింది. పచ్చరసం తాగి ఊపిరి తీసుకునేలోగా అక్కకు గోధుమరంగు రసం అందేది. "ఒరేయ్, కడుపులో చోటు లేదురా" అని నాతో అంటే, రోగం బయటికి పోయేముందు అలాగే ఉంటుందన్నారు పెద్దలు.

తర్వాత అక్కకు వణుకు, ఆయాసం మొదలయ్యాయి. నేను చూడ్డానికి వెళ్తే, "ఎవరి కొలతలు తెచ్చారండీ?" అని అడిగింది. తోడబుట్టిన తమ్ముణ్ణి! బావ మాత్రం ఆమె చెయ్యి పట్టుకుని సంబరపడిపోతున్నాడు. "ఒళ్ళు చల్లబడింది బావమరిదీ! వేడంతా లాగేసింది!"

అక్కను దొరికిన బండిలో వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తాను. పెద్దమ్మా బావా సీసాల సంచితో వెంట వచ్చారు.

"చల్లబడింది జ్వరం తగ్గి కాదు, బీపీ పడిపోయి! యాంటీబయాటిక్ ఎవరు ఆపమన్నారు?" అని కసిరింది డాక్టరమ్మ. పెద్దమ్మ పైకప్పు చూసింది. బావ సీసా మూత బిగించాడు.

అదే యాంటీబయాటిక్ జాతి మందును నరంలోకి ఎక్కించారు. అక్క బతికింది. కళ్ళు తెరిచిందన్న కబురు రాగానే వరండాలో వాదన మొదలైంది. కాపాడింది పెద్దమ్మ చూర్ణమా, బావ సీసానా? నాకు ఒళ్ళు మండింది. పైకి అనలేదు. వేడి చేసిందని నాకూ ఏదో ఒకటి తాగిస్తారు!

ఈ సారాలూ విటమిన్లూ సెప్సిస్‌లో తోడుగా ఏమాత్రం పనికొస్తాయో ఇంకా పరీక్షిస్తున్నారట. పరీక్షించుకోనివ్వండి, నాకేం పేచీ లేదు. తోడు రావడం మంచిదే. అసలువాణ్ణి గెంటేసి, తోడొచ్చినవాణ్ణి గద్దె మీద కూర్చోబెట్టిన మా తెలివికే ఈ జేజేలు.

అక్క కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ రక్తం అందక నల్లబడ్డాయి. తీసెయ్యక తప్పదన్నారు. కత్తెర పట్టే వేళ్ళవి. అక్క వాటిని చూసుకుని, చూసుకుని, "ఏవేవో వేళ్ళు నూరి తాగించారుగా. ఈ వేళ్ళు మళ్ళీ మొలిపించేది కూడా ఉందేమో, అడిగిరారా" అంది.

నాకు ఏడుపొచ్చింది. నిజంగానే అడుగుదామని వరండాలోకి వెళ్ళాను. తోడు వచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు!